నీలం మీద స్టే

నీలాన్ని తెర మీద చూపించే పద్ధతి తమదంటే తమదని రెండు కంపెనీలు కోర్టుకెక్కాయి. తీర్పు వచ్చేదాకా ఏ తెర మీదా నీలం కనిపించకూడదని కోర్టు స్టే ఇచ్చింది. అప్పటికే జనమంతా నిద్ర లేచింది మొదలు తెరల కళ్లజోళ్లతోనే తిరుగుతున్నారు కాబట్టి, మంగళగిరి మీది ఆకాశం కూడా బూడిదరంగుకు తిరిగింది. ఇందుజ ఆ బూడిద కిందే పుట్టి మాటలు నేర్చింది. నీలమంటే కోర్టులో ఉండే వస్తువని అనుకునేది.

ఒక ఉదయం, మగ్గం నేసే శివలక్ష్మి ఇందుజ తల్లి ఉజ్వలకు కొత్త చీర తెచ్చింది.

"నెమలికంఠం రంగు, చూడవే."

"నాకు బూడిదలాగే ఉంది పెద్దమ్మా."

"నేత చీరని కళ్లజోడుతో చూస్తారటే? ఎండలో పట్టి చూడాలి గానీ!"

డాబా మీద ఇద్దరూ కళ్లజోళ్లు తీసి, చీరను చెరో కొస పట్టుకున్నారు. గాలికి అది మెల్లగా ఉబ్బి, ఆకుపచ్చలోంచి నీలంలోకి ఊగింది. ఉజ్వల పక్కనే నిలబడ్డ కూతురి కళ్లజోడు కూడా తీసింది.

"ఇదేనమ్మా నీలం."

ఇందుజ చీరను తాకి నవ్వింది. తర్వాత తలెత్తి, చాలాసేపు అలాగే ఉండిపోయింది. చివరికి తల్లి మెడ వంచి చెవిలో గుసగుసగా అంది.

"అమ్మా, మిగతాదంతా పైనే ఉంది. కోర్టువాళ్లకి చెప్పకమ్మా."