అడగని ట్రాము

"ట్రాము అడగనే లేదు సార్. అడక్కుండా ఈ పెట్టె దారెలా ఇస్తుంది?" కూడలి మూలనున్న సిగ్నల్ పెట్టె తలుపు తెరిచి పట్టుకుని, లోపలి చిన్న తెరను చూస్తూ ఫోనులో అంది సిగ్నలమ్మ. ఆ పేరు డిపోలో వాళ్ళు పెట్టిందే. సిగ్నళ్ళ మరమ్మతు ఆమె పని.

"నొక్కానని డ్రైవరు అంటోందిగా," అన్నాడు అవతల కంట్రోలరు.

స్టాపులో తలుపులు మూసుకోగానే డ్రైవరు ఒక బటన్ నొక్కుతుంది. రోడ్డు కింద పాతిన తీగచుట్ట ఆ కబురు అందుకుని పెట్టెకు చేరవేస్తుంది. పెట్టె కార్లను ఆపి ట్రామును పంపుతుంది. అన్ని ట్రాములకూ సాఫీగా జరిగే ఈ పని, మధ్యాహ్నం వచ్చే ఒక్క ట్రాముకు మాత్రం జరగడం లేదు. కార్ల వంతులన్నీ అయ్యేదాకా అది అక్కడే పడి ఉంటోంది. దాని వెనక మరొకటి, ఆ వెనక ఇంకొకటి.

"ఈ వారంలో తేలకపోతే డ్రైవర్ని బండి దింపేస్తామంటున్నారు పైవాళ్ళు. తప్పు ఆవిడదో, నీ తీగలదో నువ్వే చెప్పాలి," అని కంట్రోలరు ఫోను పెట్టేశాడు.

సిగ్నలమ్మ తీగచుట్టను పరీక్షించింది. బాగానే ఉంది. ట్రాములో కబురు పంపే పరికరాన్ని మార్చింది. అయినా ఆగింది. డ్రైవరుకు వేరే ట్రాము ఇప్పించింది. అదీ ఆగింది. చివరికి తనే ఎక్కి డ్రైవరు పక్కన నిలబడింది. ఒకే రకం నారింజ కోట్లలో ఇద్దరూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నారు. ఆవేళ బటన్ నొక్కీ నొక్కగానే దారి వచ్చింది.

"మీరంటే దానికి భయమేమోనండీ," అంది డ్రైవరు. నవ్వలేదు.

సిగ్నలమ్మకు తల తిరిగిపోయింది. తీగల్లో లోపమైతే మనుషుల్ని చూసి మసులుకోదు కదా.

ఇంట్లో ఇంకో చిక్కుంది. ఆ మధ్య ఆమె తుడిచిన తడి నేల మీద అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కళ్ళజోడూ పగిలింది. "నా కోడలే నన్ను పడగొట్టింది," అని చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. ఆపరేషనయ్యాక ఆవిడను మళ్ళీ నడక నేర్పే చోట చేర్చారు. భర్త రోజూ ఆఫీసు నుంచి అటే వెళ్తాడు. సిగ్నలమ్మ ఒక్కసారీ వెళ్ళలేదు. అదెక్కడుందని కూడా అడగలేదు. మొగుడి నోట ఆ చోటి పేరు వినడమే.

ఆ సాయంత్రం అక్కణ్ణుంచే భర్త ఫోను చేశాడు. "అమ్మ నీతో మాట్లాడుతుందట."

"ఎలా ఉన్నావు తల్లీ?" అంది అత్తగారు. "నా కోసం నువ్వు పడే తిప్పలు నేను చూస్తూనే ఉన్నాలే. ఎవరికీ చెప్పలేదు. వీడికి కూడా."

"ఏం చెప్పలేదు అత్తయ్యా?"

"అదేలే. నీ ఉద్యోగానికి మాట రాకూడదు కదా. నడిపించే పిల్ల వచ్చింది, ఉంటా."

భర్త ఇంటికి రాగానే అడిగింది. "మీ అమ్మ నన్ను మెచ్చుకుందా, దెప్పిందా?"

"నాకూ అంతు పట్టడం లేదు," అన్నాడతను చెప్పులు విడుస్తూ. "ఈ మధ్య నీ గురించి మంచిగా మాట్లాడుతోంది. మందుల వల్లేమో."

మర్నాడు మధ్యాహ్నం సిగ్నలమ్మ ఎవరికీ చెప్పకుండా స్టాపు ఎదుట ఒక ప్రకటన బోర్డు వెనక నిలబడింది. ట్రాము వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. తలుపులు మూసుకున్నాయి. డ్రైవరు చెయ్యి బటన్ మీదికి పోలేదు. పైకి లేచి, ఎవరికో మెల్లగా ఊగింది.

లైను చివర, డ్రైవర్లు కూర్చునే గదిలో ఆమెను పట్టుకుంది.

"నువ్వసలు నొక్కడం లేదు."

డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టింది. "స్టాపు పక్క మేడ ఉంది చూడండి, దాని మూడో అంతస్తు నిలువెత్తు అద్దాల కిటికీలో ఒక పెద్దావిడ కనిపిస్తుంది. ఒకరోజు చెయ్యి ఊపింది. ఊరికే నేనూ ఊపాను. మర్నాటి నుంచి ట్రాము రాగానే లేచి, నడక స్టాండు పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ కిటికీ దాకా రావడం మొదలెట్టింది. ఆవిడ వచ్చేలోగా నేను వెళ్ళిపోతే ఎలాగండీ?"

"ఎవరావిడ?"

"తెలీదు."

"నీ ఉద్యోగం పోతుంది."

"తెలుసు. రేపట్నుంచి ఆగను. కానీ ఆ మాట ఆవిడకు మీరే చెప్పండి. నాకు నోరు రాదు."

ఆ మేడ గేటు వెనక వీధిలో ఉంది. కూడలిలో అన్నాళ్ళు పనిచేసినా సిగ్నలమ్మ ఎప్పుడూ అటు వెళ్ళలేదు. గేటు మీది పేరు చదివి అక్కడే ఆగిపోయింది. మొగుడి నోట రోజూ వినే పేరే. లోపల ఇంకెందరో ముసలివాళ్ళు ఉంటారు కదా అని సర్దిచెప్పుకుని మెట్లెక్కింది.

మూడో అంతస్తులో, ఆ కిటికీకి ఎదురు గోడ పక్క మంచం మీద అత్తగారు కూర్చుని ఉంది.

వచ్చిన దారినే వెళ్ళిపోదామనిపించింది. ఏ మాటతో మొదలుపెట్టాలో, ఎవరి తరఫున మాట్లాడాలో తెలియలేదు.

"అత్తయ్యా," అంది చివరికి.

కళ్ళజోడు లేని ముఖం గొంతు వినిపించిన వైపు తిరిగింది. ఆవిడ తడుముకుంటూ కోడలి చెయ్యి అందుకుని, నారింజ కోటు అంచును వేళ్ళతో నిమిరింది.

"పని మానుకుని పైకెందుకొచ్చావే పిచ్చిదానా?" అంది. "రోజూ ట్రామాపి చెయ్యూపుతున్నావుగా."