ఎదురింటి సాక్ష్యం

"అక్కా, రేపు మా ఆసుపత్రోళ్లు ఇంటికొస్తారంట. ఆయన దినామూ ఈడనే ఉంటాడని నువ్వొక్క మాట చెప్పల్ల."

రోషన్ బీ చేతిలో పప్పుగుత్తి ఆగిపోయింది.

అరబ్బు దేశంలో, మలాజ్ పేటలోని ఆ పాత భవనంలో ఇస్మత్‌ది ఎదురు ఫ్లాటు. ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. ఆమె డ్యూటీకి పోతే మూడేళ్ల కూతురు ముబీనాను చూసుకునేది రోషన్ బీయే. మొగుడు ఎక్కడో దూరాన యాన్బు ఊళ్లో, వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్ ఇంట్లో డ్రైవరని ఇస్మత్ అంటుంది. తల్లీబిడ్డలు ఇండియా నుంచి వచ్చి ఎదురింట్లో దిగి ఏడాది దాటింది. ఆ మొగుడి నీడ కూడా ఆ గడప మీద పడలేదు. వదిలేసి ఉంటాడని మెట్ల మీద ఆడవాళ్లు గుసగుసలాడుతుంటే రోషన్ బీ విననట్టే ఉండేది.

పిల్లల్ని చూసుకోవడానికి ఆసుపత్రి అలవెన్సు ఇస్తుంది. భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తూ, ఒకే ఇంట్లో కాపురం ఉంటేనే. అది రాకపోతే ముబీనాను రాయచోటికి, అవ్వ దగ్గరికి పంపేయాలి.

"ఉమ్రా యాత్ర చేసొచ్చిన నోరు మ్మే ఇది. అబద్ధమాడమంటావా?"

ఇస్మత్ తలవంచుకుంది. "బిడ్డను పంపించి నేనీడ బతకలేనక్కా."

మర్నాడు పొద్దున ఒక మనిషి వచ్చాడు. ఎండకు కమిలిన ముఖం, నిద్ర లేని కళ్లు, భుజాన చిన్న సంచి. ఏ తలుపు తట్టాలో తెలియక ముందు రోషన్ బీ తలుపే తట్టాడు. పేరు బాబావలి అన్నాడు.

రోషన్ బీకి అర్థమైపోయింది. ఏ లేబర్ క్యాంపు నుంచో బాడుగకు తెచ్చిన మొగుడు!

ఆమె ఎదురింటికి తీసుకుపోగానే, సంచిలోని చొక్కాలు తీసి తలుపు వెనక కొక్కేలకు తగిలించాడు. టీ పెడతానని పోయి చక్కెర ఎక్కడుందని అడిగాడు. ముబీనా తల్లి చున్నీలో దూరింది.

"నాయన అనల్ల మ్మా. నాయన," ఇస్మత్ నేర్పిస్తోంది.

"మామ," అంది ముబీనా.

"ఇంకా నయం, తాత అనలే," అంది రోషన్ బీ.

అతను నవ్వబోయి కిటికీ వైపు తిరిగాడు.

ఆసుపత్రి నుంచి వచ్చినావిడ పేరు ఖాలిదా. హైదరాబాదు మనిషి. కుర్చీలో కూర్చోకుండానే ఇల్లంతా కలియజూసింది.

"కాగితాలు ఆఫీసులో చూశాం. కాపురం చూద్దామని వచ్చిన," అని ఇస్మత్ వైపు తిరిగింది. "మీ ఆయన పేరేంది?"

ఇస్మత్ ముఖం ఎర్రబడింది. చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీ నాయన పేరు చెప్పు మ్మా," అని బిడ్డను ముందుకు తోసింది.

వాళ్ల పల్లెల్లో పెళ్లాలు మొగుడి పేరు పలకరు. పెళ్లైన నాటి నుంచీ రోషన్ బీ కూడా పలకలేదు. ఎంత బాగా నటిస్తోంది ఈ పిల్ల, అనుకుంది.

ముబీనా మళ్లీ తల్లి చున్నీలోకి దూరింది. ఖాలిదా నొసలు ముడిపడింది.

"మొగుని పేరు చెప్పనీకి ఇంతసేపా? పాప కూడా ఆయన దిక్కు పోతలేదు." రోషన్ బీని చూసింది. "ఆంటీ, మీరు చెప్పండి. ఈయన ఈ పాప తండ్రేనా?"

బాబావలి టీ గ్లాసు కింద పెట్టాడు. ముబీనా వచ్చి రోషన్ బీ మోకాళ్లు పట్టుకుంది. ఆ ఒడిలో తప్ప మధ్యాహ్నం నిద్రపోదు అది.

అల్లా, నన్ను మన్నించు.

"అల్లా తోడు, ఈ బిడ్డకు ఈయనే నాయన," అంది రోషన్ బీ. "డ్రైవరు పని గదా మేడమ్, బిడ్డ కండ్లకు యాడ కనపడతాడు? దానికే ఆ బెదురు."

ఖాలిదా కొక్కేలకున్న చొక్కాల్ని ఇంకోసారి చూసింది. తర్వాత నవ్వి, "సరే, రాసి పంపిస్త," అని వెళ్లిపోయింది.

ఆమె కారు వీధి మలుపు తిరగగానే బాబావలి చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు. బస్సుకు వేళయిందట. గడప దగ్గర వంగి, తిరగబడిన ముబీనా చెప్పుల్ని సరిచేసి, మెట్లు దిగాడు.

రోషన్ బీ ఇస్మత్ వైపు తిరిగింది.

"నా చేత దొంగ ఒట్టు పెట్టిస్తివి గదా మ్మే," అంది. "ఇంతకూ ఆయప్పకు బాడుగెంతిచ్చినావు?"

ఇస్మత్ బిత్తరపోయి చూసింది.

"ఒక్క దినం సెలవు కోసం కఫీల్ కాళ్లు పట్టుకోని, రాత్రంతా బస్సులో కూసోనొచ్చిన కట్టుకున్న మొగుడికి, బాడుగ ఎవురిస్తారక్కా?"