ఎడమవైపు మార్కులు

ఫైలు తెరిచి చూడకూడదు. అది పనికొస్తుందో లేదో మాత్రం చెప్పాలి. కరీంనగర్‌లో మహేశ్వరి చేసే ఉద్యోగం అదే.

ఆమె కంపెనీలో ప్రోగ్రాములు ఇప్పుడు చాలావరకు ఏఐ అసిస్టెంటే రాస్తుంది. దానికి ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బాధ లేకుండా, అనుభవం ఉన్నవాళ్లు తమ పద్ధతులను సూచనల ఫైళ్లుగా రాసి పెట్టారు. ఒకసారి రాస్తే ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. ఈ మధ్య కొత్త అసిస్టెంటు వచ్చింది. అది పాతదానికంటే తెలివైనది. పాత ఫైళ్లు ఇంకా అక్కరకొస్తున్నాయా అని పరీక్ష పెట్టారు.

పరీక్ష తేలికే. ఒకే పనిని రెండుసార్లు చేయిస్తారు, ఒకసారి ఫైలు ఇచ్చి, ఒకసారి ఇవ్వకుండా. ఒక జవాబు తెర మీద ఎడమవైపు వస్తుంది, ఇంకొకటి కుడివైపు. ఫైలు ఏ వైపు ఉందో మార్కులు వేసేవాళ్లకు చెప్పరు. మొత్తం పది పనులు. పదింటికీ వైపు మారదు. ఫైలు ఉన్న వైపు గెలిస్తే ఫైలు ఉంటుంది. ఓడితే ఆ సాయంత్రమే తుడిచేస్తారు.

మూడు వారాల్లో మహేశ్వరి ఇరవై రెండు ఫైళ్లు తేల్చేసింది. ముఖం చూసి బొట్టు పెట్టే రకం కాదామె. తను రాసిన ఫైలు ఓడిపోతే నవ్వి ఊరుకుంది.

ఇరవై మూడోది రవి ఫైలు.

రవి ఆమె భర్త. ఆమె పక్క సీట్లోనే కూర్చునేవాడు. ఎనిమిది నెలల కింద మందమర్రి నుంచి బండి మీద వస్తుంటే లారీ గుద్దింది. అతని సీట్లో ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు. అతను రాసిన ప్రోగ్రాములన్నీ మారిపోయాయి. ఈ ఆఫీసులో ఇంకా రోజూ రవి మాట నడుస్తోందంటే ఆ ఒక్క ఫైలు వల్లే. రవి బతికున్నప్పుడు ఆమె దాన్ని చదవలేదు. పోయాక చదివే ధైర్యం రాలేదు.

తర్వాతి పరీక్ష రవి ఫైలుకని మేనేజరు భానుప్రసాద్ ఇబ్బంది పడుతూనే చెప్పాడు. ఈ ఒక్కటి మార్కులు వేసే ఇంకో ఉద్యోగి సాయిచంద్‌కు ఇస్తానన్నాడు.

"వద్దు సార్. నేనే చేస్త" అంది మహేశ్వరి.

పరీక్ష రోజు పొద్దున్నే మామ గట్టయ్య ఫోను చేశాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి పని చేసిన మనిషి. తిన్నావా అని అడగడానికి రోజూ చేస్తాడు. కొడుకు ఫైలుకు ఈరోజు పరీక్ష అని విని పాత సంగతి ఎత్తాడు.

"గా ఫైలు రాసేటప్పుడు నన్ను అడిగిండు బిడ్డా, బాయిల దిగినంక ముందుగాల ఏం జేస్తరు బాపూ అని. పని మొదలువెట్టకముందే, కూలుతదో ఏమోనని కట్టెతోని పైకప్పు కొట్టి సూస్తమని చెప్పిన. రాసుకున్నడు. వానిది ఉంచుతరా?"

"ఉంటది మామా. నేనున్న గద."

మొదటి పని, తేదీల లెక్క తప్పుతున్న ఒక ప్రోగ్రామును సరిచేయడం. ఎడమవైపు జవాబును ఆమె రెండుసార్లు చదివింది. అది తప్పు ఎక్కడుందో, ఎందుకొచ్చిందో ఓపికగా, ఒక్కో మెట్టూ విడమరిచి చెప్పింది. చివర్లో, అర్థం కాకపోతే ఇంకోలా చెప్పనా అని అడిగింది. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో రవి కుర్చీ దగ్గరకు జరుపుకుని అచ్చం ఇలాగే చెప్పేవాడు. ఇలాగే అడిగేవాడు. అర్థమైనా కాలేదని చెప్పి మళ్లీ చెప్పించుకున్న రోజులున్నాయి.

కుడివైపు జవాబులో మాటామంతీ లేదు. పాత ప్రోగ్రాముకు నకలు తీసి పక్కన పెట్టింది. రెండు మూడు చిన్న లెక్కలు వేసి చూసుకుంది. ఒక్క వరుస మార్చి ఊరుకుంది. ఉత్త యంత్రం అనుకుంది మహేశ్వరి.

రెండో పనికీ, మూడో పనికీ అదే తీరు. నాలుగో దగ్గర చిక్కొచ్చింది. ఎడమవైపు ఎంతో చక్కగా చెప్పింది గానీ ప్రోగ్రాము నడవలేదు. కుడివైపుది నడిచింది.

ఆమె మళ్లీ నడిపించి చూసింది. మళ్లీ అంతే. లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. ఎడమకు తొమ్మిది, కుడికి ఆరు వేసింది. ఉద్యోగంలో చేరాక అవే మొదటి దొంగ మార్కులు.

ఆ తర్వాతివి తడుముకోకుండా వేసింది. అబద్ధం మొదటిదే కష్టం. న్యాయంగా లెక్క కడితే కుడివైపు ఏడు పనుల్లో గెలిచింది. ఆమె వేసిన మార్కుల్లో ఎడమ పదికి పదీ గెలిచింది. ఇది తప్పని ఆమెకు తెలుసు. రవి ఉంటే కోప్పడేవాడని కూడా తెలుసు. మనిషిని ఎలాగూ కాపాడుకోలేకపోయింది, కనీసం అతని మాటనైనా కాపాడుకోవాలనుకుంది.

మార్కులు పంపేసింది. ఒకసారి పంపితే ఇక ఎవరూ మార్చలేరు. మామకు ఫోను చేసింది.

"ఫికర్ జెయ్యకు మామా. మనోడే గెలిచిండు."

అవతల గట్టయ్య ఏడుస్తున్నట్టు వినిపించింది. ఆమె కూడా ఏడ్చింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ ఏడుపులో కాస్త హాయి ఉంది. మధ్యాహ్నం కడుపునిండా తిన్నది.

అయిదింటికి ఫలితం వచ్చింది. ఏ వైపు ఏముందో చెప్పేది అందులోనే. మహేశ్వరి ఆత్రంగా పేజీ తెరిచింది.

పది పనుల్లోనూ రవి ఫైలు ఉన్నది కుడివైపు.