పోలిక కుదిరింది

"ఈసారైనా మనిషి ముఖం గీయండి మేడం. పోయినసారి మీ బొమ్మ పట్టుకుని ఊరంతా గాలిస్తే, చివరికి పోలికలు మా పెద్దసారు బావమరిదికి సరిపోయాయి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

స్టేషన్‌లో అందరూ నవ్వారు. బొమ్మల మేడం నవ్వలేదు. టాబ్లెట్ తెరిచి, పెన్నులో చార్జింగ్ ఉందో లేదో చూసుకుంది.

సాక్షులు చెప్పింది విని దొంగల ముఖాలు గీయడం ఆమె ఉద్యోగం. అదీ కాంట్రాక్టు మీద. ఈ నెలాఖరుతో గడువు తీరిపోతోంది. కళ్లూ ముక్కులూ అతికించి ముఖం తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనబోతున్నామనీ, దానికి సెలవులు అక్కర్లేదనీ ఇన్‌స్పెక్టర్ రోజూ గుర్తుచేస్తున్నాడు. ఈ కేసులో బొమ్మ పనికొస్తే మాత్రం ఆమెనే కొనసాగిస్తానని పెద్దమనసుతో మాటిచ్చాడు.

అందుకే ఆమె కొన్నాళ్లుగా సాధన మీద పడింది. బస్సులో ఎదుటి సీటు వాళ్లను గీసింది. బ్యాంకు క్యూలో ముందున్నవాళ్లను గీసింది. ఎవరూ దొరకనప్పుడు భర్తను గీసింది. ఆయన తీరిగ్గా చూసి, "బాగుంది. ఎవరీయన?" అన్నాడు. అత్తగారిని ఉన్నదున్నట్టు గీసింది. దాంతో ఇంట్లో చాలా రోజులు మాటల్లేవు. సాధన మరింత ప్రశాంతంగా సాగింది.

సాక్షి వచ్చాడు. నగల దుకాణం మేనేజరు, కొత్తగా చేరినవాడు. నిన్న సాయంత్రం దుకాణం మూసే వేళకు ఎవడో జొరబడి, ఇనపరాడ్డుతో ఇతని ముఖం మీద కొట్టి, వజ్రాల పెట్టె ఎత్తుకుపోయాడట. అక్కడి కెమెరాలు ఎప్పటిలాగే గోడకు అలంకారంగా ఉన్నాయట. మేనేజరు ముఖానికి నుదుటి నుంచి గడ్డం దాకా కట్టు. కళ్లూ, నోరూ మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. ఆ అవస్థలోనూ స్టేషన్‌కు వచ్చాడని ఇన్‌స్పెక్టర్ కరిగిపోయాడు. తన కుర్చీ ఇచ్చాడు. టీ తెప్పించి, అందులోకి స్ట్రా కూడా తెప్పించాడు.

మేనేజరు మొదట గడగడా చెప్పేశాడు. గుబురు మీసం, భుజాల దాకా జుట్టు, ఎర్రటి కళ్లు. విలన్‌కు ఉండాల్సిన సరంజామా అంతా ఉంది. కానీ బొమ్మకు అది చాలదు. కనుబొమలెలా ఉన్నాయి, ముక్కెలా ఉంది, దవడ సంగతేమిటి అని ఆమె ఒక్కొక్కటే తవ్వడం మొదలుపెట్టింది. అక్కడ అతను తడబడ్డాడు. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. దొంగ కుడి కనుబొమ ఎడమదానికంటే కాస్త పైకి ఉంటుందన్నాడు. ముక్కు కూడా వాడి కుడివైపుకే వాలి ఉంటుందన్నాడు. దెబ్బ తిన్న మనిషి, పాపం, గుర్తు తెచ్చుకోవద్దూ.

బొమ్మ పూర్తయింది. మేనేజరు చూసి పెదవి విరిచాడు.

"ఎక్కడో తేడా కొడుతోందమ్మా."

"ఎక్కడండీ?"

"అదే తెలీడం లేదు. అన్నీ నేను చెప్పినట్టే ఉన్నాయి. కానీ వాడిలా లేడు."

ఇన్‌స్పెక్టర్ సాఫ్ట్‌వేర్‌ను తలుచుకుని గట్టిగా నిట్టూర్చాడు.

ఆమె దవడ సరిచేసింది. కళ్లు సరిచేసింది. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఇక చివరికి, కంప్యూటర్ మీద బొమ్మలు గీసేవాళ్లు తప్పులు దొరకనప్పుడు చేసే పనే చేసింది. కుడి ఎడమలు తారుమారయ్యేలా బొమ్మను తిప్పింది. అలా చేస్తే కంటికి అలవాటైపోయిన వంకరలు కూడా ఇట్టే బయటపడతాయి. వంకర దొరుకుతుందేమోనని ఆమె వెతుకుతుండగా మేనేజరు ముందుకు వంగాడు.

"ఆగండి. వీడే" అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఆగలేదు. ఆ బొమ్మను ఆ క్షణమే అన్ని స్టేషన్లకూ పంపించేశాడు. తాను తిట్టబట్టే ఆమెకు విద్య అబ్బిందని అందరికీ వినపడేలా చెప్పాడు. ఉద్యోగం గురించి బెంగ అక్కర్లేదన్నాడు.

అప్పుడు చూసుకుంది ఆమె. బొమ్మను మళ్లీ వెనక్కి తిప్పలేదు. ఊరంతా వెళ్లింది తిరగబడ్డ ముఖం. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది. మూసుకోలేకపోయింది. వెళ్లి చెప్పేసింది.

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగులు మారాయి. గుమ్మం దాకా వెళ్లిన మేనేజరును వెనక్కి పిలిపించాడు. ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టింది. మొదటిది అతను చెప్పిన ప్రకారం కుడి కనుబొమ పైకి ఉన్నది. రెండోది దాన్ని తిప్పినది. అతను మొదటిదాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోదాని మీద తడుముకోకుండా వేలు పెట్టాడు.

"మీరు కుడి కనుబొమ అన్నారు కదండీ. ఇందులో ఎడమది పైకుంది" అందామె.

"అన్నాను. అయినా వీడేనమ్మా. ఈ ముఖం నాకు తెలీదా?"

అతను విసుగ్గా వెళ్లి వసారాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఊపిరి పీల్చుకున్నాడు.

"విన్నారుగా. ఆయనకు లేని బాధ మీకెందుకు? కుడి అయినా ఎడమ అయినా దొంగ దొంగే కదా మేడం?"

ఆమె ఆ రెండో బొమ్మలో మీసం చెరిపింది. భుజాల దాకా ఉన్న జుట్టు కత్తిరించింది. మిగిలిన ముఖం వంక కాసేపు చూసి, గొంతు తగ్గించింది.

"ఎవరి ముఖమైనా ఇలా కుడి ఎడమలు తిరగబడితేనే సరిగ్గా ఉందనిపించేది, దాన్ని రోజూ అద్దంలో చూసుకునే మనిషి ఒక్కడికే సార్, ముందు ఆయన కట్టు విప్పించండి."