అంచనా తప్పిన లోయ

"ఆ చెప్పులు విప్పు బిడ్డా. వాగులో జారతాయి."

విదాద్ వినిపించుకోలేదు. రాజధాని నుంచి పని మీద వచ్చిన లెక్కల ఆఫీసరు ఆమె. సంచిలో కాగితాలు తడుస్తాయేమోనన్న దిగులే ఆమెకు.

పెద్దామె మళ్లీ చెప్పలేదు. వంగి తనే పట్టీలు విప్పి, చెప్పులు విదాద్ చేతిలో పెట్టింది. రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను దాటగలను లల్లా," అంది విదాద్, పెద్ద ఆడవాళ్లను అక్కడ మర్యాదగా పిలిచే మాటతో. "చెయ్యి వదులు."

"దాటాక వదుల్తా."

వెనక వరసగా నిలబడ్డ ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. ఇరవై మంది దాకా ఉన్నారు. పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకున్నారు.

"ఇత్తో అవ్వతో వాదన పెట్టుకోకండక్కా," అంది తూదా అనే అమ్మాయి. "ఇన్‌స్పెక్టరు గారినీ ఇలాగే దాటించింది. ఆయనైతే కళ్లు మూసేసుకున్నాడు."

ఇత్తో ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి దాటించింది. అవతలి గట్టున తలలు లెక్కపెట్టుకున్నాకే కదిలింది.

అట్లాస్ కొండల్లోని ఆ ఊరి నుంచి హైస్కూలుకు గంటంబావు నడక. దారి పొడవునా ఆమె నోరు మూతపడలేదు. నీకు పెళ్లయిందా? పొద్దున ఏం తిన్నావు? ఆ నడకేంటి, కాలు విరిగిన కోడిలాగా? చివరికి శాలువా మడతలోంచి బార్లీ రొట్టె ముక్క తీసి ఇచ్చింది.

"కాస్త ఆలోచించుకోనియ్ లల్లా," అంది విదాద్ విసుగ్గా.

"ఆలోచించుకో, ఎవరొద్దన్నారు? తింటూ ఆలోచించుకో."

విదాద్ ఆలోచిస్తున్నది ఒక గీత గురించి.

పదేళ్ల క్రితం ఆమె ఆఫీసు దేశంలో ప్రతి లోయకూ ఒక అంచనా కట్టింది. పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ల లోపు ఆడపిల్లల్లో హైస్కూలు దాకా వచ్చేవాళ్లు ఏ ఏటికి ఎంతమంది అవుతారన్నది ఆ లెక్క. ఈ లోయలో అప్పుడు నూటికి ముగ్గురు. సగం మంది కావాలంటే ఇంకో నలభై ఏళ్లు పడుతుందని గీత గీశారు.

ఇప్పుడు చూస్తే నూటికి అరవై.

"ఎక్కడో తప్పు పడింది. వెళ్లి చూసి రా," అన్నాడు పై అధికారి.

తప్పేమీ పడలేదని మొదటి రోజే తేలింది. ఇక కారణం కోసం ఇల్లిల్లూ తిరిగింది విదాద్.

"నేను చెప్పబట్టే పంపుతున్నారు," అన్నాడు ఊరి పెద్ద. "వచ్చే ఏడు వాగు మీద వంతెన కూడా వేయిస్తున్నా."

"పోయినేడూ ఇదే మాటన్నావు," అంది పుదీనా టీ పోస్తున్న ఆయన భార్య.

"బడికి కొత్త కప్పు వేశారు కదా, అందుకే," అన్నారు పొలంలో కనిపించినవాళ్లు.

"టీవీ వల్లే," అంది ఒక తల్లి. "సీరియళ్లలో ఆడపిల్లలంతా డాక్టర్లేనాయె."

విదాద్ అన్నీ రాసుకుంది. ఇత్తోను మాత్రం ఏమీ అడగలేదు. పిల్లల్ని తీసుకురావడానికి బడివాళ్లు పెట్టుకున్న ఆయా అనుకుంది.

తిరిగి వెళ్లే రోజున ఇత్తోయే ఆమెను వాగు దాటించింది.

"నీ లెక్క తేలిందా బిడ్డా?"

"తేలింది. నూటికి అరవై మంది."

ఇత్తో నీళ్ల మధ్యలోనే ఆగిపోయింది.

"మిగతా నలభై మందీ ఏ ఇళ్లలో ఉన్నారో పేర్లు చెప్పు. పోయి అడుగుతా."

"పేర్లు చెప్పకూడదు లల్లా. మా రూలు."

"చెప్పకపోతే పోనీలే. నాకు తెలుసు."

విదాద్ నవ్వుకుంటూ బస్సెక్కింది.

నివేదిక అచ్చయింది. బడి కప్పు, టీవీ, ఊరి పెద్ద చొరవ, అన్నీ కారణాల కింద చేరాయి. పై అధికారి మెచ్చుకున్నాడు.

మరుసటి వసంతంలో ఆ పుస్తకం పట్టుకుని విదాద్ మళ్లీ లోయకు వచ్చింది. వాగులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి తూదా చిన్నపిల్లల్ని దాటిస్తోంది.

"అవ్వ ఏది?"

"చలికాలంలో పోయిందక్కా. మూడ్రోజులు జ్వరం, అంతే."

తూదా చెయ్యి చాపింది. విదాద్ ఆ చెయ్యి పట్టుకుని వాగు దాటింది.

బడిలో మొహా అనే హెడ్మాస్టరు ఎదుట పుస్తకం పెట్టి కూర్చుంది.

"ఇత్తో పోయాక ఇంకో ఆయాను పెట్టలేదా మాస్టారూ?"

"ఆయానా? ఆమెను మేం పెట్టుకోలేదమ్మా. తనంతట తనే వచ్చేది."

"అయితే మనవరాళ్లెవరైనా ఇక్కడ చదివేవారా?"

"ఆమెకు ఎవరూ లేరు."

మాస్టారు పుస్తకం తెరిచాడు. లోయ పేరున్న పేజీ దగ్గర ఆగాడు.

"మీవాళ్లు మొదటిసారి లెక్కకు వచ్చారే, అంతకు రెండేళ్ల ముందు బడికొస్తున్న పిల్ల ఒకతె వాగులో కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఏ తండ్రీ కూతుర్ని పంపలేదు. ఇత్తో ఇంటింటికీ పోయి గడపలో కూర్చునేది. పొద్దున నాకియ్యి, సాయంత్రం నీకు అప్పజెప్తా, అనేది. ఒక్కొక్క ఇంటికి పదిసార్లు తిరిగింది."

"ఆమె మాట మీద ఎలా పంపారు మాస్టారూ?"

"ఆమె అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది?"

"ఎందుకని?"

మాస్టారు ఆశ్చర్యంగా చూశాడు.

"ఇన్ని ఇళ్లు తిరిగారు, మీకెవరూ చెప్పలేదా? వాగులో పోయిన ఆ పిల్ల ఇత్తోకు ఒక్కగానొక్క కూతురమ్మా."