లేని చేతి మంట

పసుపుకొమ్ములకు మెరుగుపెట్టే మిషన్‌లో పడి భాగ్యవతి కుడిచెయ్యి మోచేతి దాకా తెగిపోయింది. ఆ ముక్కను తన చేనులోనే పూడ్చిపెట్టించాడు మిషన్ యజమాని దినకర్. అయినా పొద్దుగూకితే చాలు, ఆమెకు లేని వేళ్లు నొప్పిపెట్టేవి. తెగిన నరాలు ఇంకా కబురు పంపుతున్నాయనీ, మెదడు దాన్ని నమ్ముతోందనీ నిజామాబాద్ దవాఖానలో డాక్టరమ్మ నవ్వకుండా చెప్పింది. ఆ నవ్వకపోవడమే భాగ్యవతికి సగం మందయింది.

ఈ రాత్రి మాత్రం వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టు మండాయి. ఓర్చుకోలేక ఆర్మూరు శివారులోని ఆ చేనుకు నడిచింది. దినకర్ ఒక్కడే పసుపు ఉడకబెడుతున్నాడు. పొయ్యి సరిగ్గా చెయ్యి పూడ్చిన చోటే ఉంది.

"గింత చేను పెట్టుకొని, పొయ్యికి గీ జాగనే దొరికిందా నీకు?"

"లేని చెయ్యి ఎట్ల మండుతది వదినా? గదంత నీ మనసుల ఉన్నది," ఫోన్‌లోంచి తలెత్తకుండానే అన్నాడు దినకర్.

"చెయ్యి నీ మిషన్ మింగింది. నొప్పి గూడ నాది కాదంటవా?"

ఎడమచేత్తో నీళ్ల బకెట్ ఎత్తి పొయ్యిలో గుమ్మరించింది. నిప్పు సుయ్యిమని ఆరింది. దినకర్ ఫోన్‌లోంచి తలెత్తాడు.

లేని వేళ్లలో మంట చల్లారింది.

"ఇప్పుడు చెప్పు, మనసుల ఉన్నదా?" అందామె.

చల్లబడిన ఆ లేని అరచేతిలోకి, మట్టి కిందినుంచి మరొక చెయ్యి మెల్లగా చేరింది. తడిమట్టి తగిలింది. ఆ చెయ్యి వేళ్లలో వేళ్లు జొనిపి, గట్టిగా పట్టుకొని, కిందికి లాగడం మొదలుపెట్టింది.