ఖైరియా స్టవ్వు

"మళ్ళీ ఎర్రమంటే మేస్త్రీ! గిన్నెలన్నీ మసి, చూడండి!" అంటూ ఖైరియా తలుపు తీసింది. భర్త పోయాక ఆమె ఆ అలెగ్జాండ్రియా ఇంట్లో ఒంటరిగా ఉంటోంది.

స్టవ్వులు బాగుచేసే బషందీ కూడా భార్య పోయినవాడే. వంగి బర్నరు కింద చూశాడు. గాలి వెళ్ళే కంత మళ్ళీ మూసేసి ఉంది. దాని మర మీద కొత్త గీతలు!

"ఈ మర దానంతటది తిరగదమ్మా."

"ఎలకలు తిప్పుంటాయి."

"కత్తి పట్టే ఎలకలా?"

ఖైరియా చెవులదాకా ఎర్రబడి కూరగాయల కత్తిని వెనక్కి దాచుకుంది.

బషందీకి అప్పుడు అర్థమైంది. కంత తెరిచాడు. మంట నీలంగా నిలబడింది. సంచీ సర్దుకుని గడప దాటబోతుంటే ఆమె మొహం చిన్నబోయింది.

అతను వెనుదిరిగాడు. "రేపు సంచీ లేకుండా వస్తా ఖైరియా. మర జోలికెళ్ళకు. టీ పెట్టు చాలు."

"టీ ఏం చాలుతుంది? చేపలు వేయిస్తా. ఆకలితో రా!"